చెంచాడు తోడు

ఆ వీధిలో ఆమె పేరుతో ఎవరికీ పని పడలేదు. పొద్దున్నే మూతలున్న పెరుగు కప్పులు పంచుతుంది కాబట్టి కప్పుల వదిన అయిపోయింది. బ్యాటరీల షెడ్డులో కుర్రాళ్ళు వేళాకోళానికి మొదలుపెట్టిన మాట అది. వాళ్ళ నోట్లోంచి ఇంటి ఆడవాళ్ళ నోట్లోకి పాకి, అక్కణ్ణించి పరిశోధన సంస్థ మెట్లెక్కింది. చివరికి అక్కడి పెద్దసారు కూడా ఒకరోజు నోరుజారి "కప్పుల వదినగారూ" అనేసి, దగ్గి సర్దుకున్నారు. ఆమె నవ్వి ఊరుకుంది. ఇంట్లో పెద్దకోడలు, వీధిలో వదిన. ఏ పిలుపుకైనా ముందు లేచి వెళ్ళాల్సింది తనే కదా అనుకుంది.

షెడ్డు వీధి చివర ఉంది. పాత బ్యాటరీలు లారీల్లో వస్తాయి. వాటిని పగలగొట్టి, ఆమ్లం ఒంపేసి, లోపలి సీసం పలకల్ని కొలిమిలో కరిగించి దిమ్మలుగా పోస్తారు. ఆ బూడిదరంగు దుమ్ము మనుషుల్ని ఒక పట్టాన వదలదు. చొక్కా మడతల్లో, గోళ్ళ కింద, కనుబొమల్లో కూర్చుని ఇంటిదాకా వస్తుంది. సీసం ఒంట్లో చేరినవాడికి మొదట పెద్దగా ఏమీ తెలియదు. నోట్లో ఇనుప ముక్క పెట్టుకున్న రుచి, ఆకలి చచ్చిపోవడం, కడుపులో మెలిపెట్టే నొప్పి, అయినదానికీ కానిదానికీ చిరాకు.

"ఆ చిరాకు మా ఆయనకి పెళ్ళినాడే ఉంది వదినా. అది కూడా సీసం మీద తోసేస్తే పాపం తగులుతుంది" అంటుంది షెడ్డు మేస్త్రి భార్య.

పెరుగులో బతికే బాక్టీరియాల్లో ఒక రకానికి సీసాన్ని ఒంటికి అంటించుకునే గుణం ఉందని పెద్దసారు ల్యాబులో గమనించారు. మింగిన దుమ్ములోని సీసం పేగుల్లోంచి రక్తంలోకి దిగకముందే ఇది పట్టుకుంటే, దాంతోపాటే మలంలో బయటికి పోవాలి. గాజు గొట్టంలో జరిగింది మనిషి కడుపులో కూడా జరుగుతుందా అన్నది తేల్చాలి. అందుకని షెడ్డులో పనివాళ్ళని చీటీలు తీసి రెండు భాగాలు చేశారు. సగంమందికి నీలం మూత కప్పు, సగంమందికి పసుపు మూత కప్పు. ఒకదాంట్లో ఆ బాక్టీరియా ఉంది, రెండోదాంట్లో ఉత్త పెరుగు. ఏ రంగులో ఏముందో తినేవాళ్ళకీ తెలియదు, పంచే వదినకీ తెలియదు. రంగుతో పని లేకుండా అందరికీ కొత్త కుళాయిలు, సబ్బులు, ముక్కుకి తొడుగులు ఇచ్చారు. షెడ్డు యజమాని మాత్రం, "పెరుగు పెడుతున్నారుగా, ఇంక పొగగొట్టం ఎందుకండీ?" అని బేరం మొదలుపెట్టాడు.

"వాన పడుతుంటే కారేచోట గిన్నె పెడతాం. ఇంటికప్పు బాగుచేయించడం మానేస్తామా?" అంది వదిన. ఆ నెలలోనే పొగగొట్టం వచ్చింది.

సూక్ష్మజీవశాస్త్రంలో డిగ్రీ చేసిన మనిషి ఆమె. పెళ్ళయ్యాక చాలా ఏళ్ళు ఆ చదువుకి వంటగది తప్ప వేరే చోటు దొరకలేదు. సంస్థలో ఈ పూటపని దొరికిందనగానే, "అంత చదివింది పెరుగు పంచడానికా?" అంది అత్తగారు. అంటూనే మర్నాడు ఆమెకంటే ముందు లేచి టిఫిను డబ్బా కట్టింది. వదిన పని లెక్కగా ఉండేది. షెడ్డులో నోట్లో ఏదీ పెట్టుకోకూడదన్నది మొదటి నియమం కాబట్టి కప్పు ఇంటికే ఇవ్వాలి. మర్నాడు ఖాళీ కప్పు తీసుకోవాలి. "మొత్తం తిన్నారా?" అని అడగాలి. అందరూ తిన్నామనేవాళ్ళు. కప్పులు తళతళా తోమి మరీ తిరిగి వచ్చేవి.

ఆరునెలలయ్యాక మళ్ళీ రక్తం తీశారు. లెక్కలు వచ్చిన రోజు పెద్దసారు ఆమెని గదిలోకి పిలిచి కూర్చోమన్నారు. ఆయన కూర్చోమన్నారంటే వార్త బాగాలేదన్నమాట. ల్యాబు అమ్మాయి అప్పటికే గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

"రంగులు విప్పి చూశాం. నీలం మూతలో మన బాక్టీరియా. పసుపుది మామూలు పెరుగు" అన్నారాయన.

"సరే సార్."

"నీలం వాళ్ళ రక్తంలో సీసం తగ్గింది."

ఆమె ముఖం విచ్చుకోబోయింది.

"పసుపు వాళ్ళదీ తగ్గింది. ఇంచుమించు అంతే."

"కుళాయి గెలిచింది వదినగారూ. మన బాక్టీరియా కడుపులోకి షికారు వెళ్ళి వచ్చినట్టుంది" అంది ల్యాబు అమ్మాయి. ఆ పిల్ల బాధ కలిగినా హాస్యంగానే మాట్లాడుతుంది.

"చేతులు కడుక్కోవడం వల్లే తగ్గిందనుకోవాలి. మంచి సంగతే. కానీ దానికి కప్పులతో పనేముంది? శుక్రవారం కమిటీలో మూసేద్దామని చెబుతాను."

"మరి పిల్లలు సార్?"

పెద్దసారు కళ్ళజోడు తీసి తుడిచారు. "పెద్దవాళ్ళలో పనిచెయ్యనిదాన్ని పిల్లలకి ఇచ్చి చూస్తామంటే ఎవరొప్పుకుంటారమ్మా?"

పనివాళ్ళ పిల్లల రక్తం కూడా మొదట్లోనే చూశారు. తండ్రుల బట్టల మీద వచ్చిన దుమ్ము వాళ్ళని కూడా వదల్లేదు. మేస్త్రి కూతురిది అందరికంటే ఎక్కువ. ఆసుపత్రిలో పడుకోబెట్టి మందెక్కించేంత పెద్ద అంకె కాదు, చూసి ఊరుకునేంత చిన్నదీ కాదు. గలగలా ఎక్కాలు అప్పజెప్పే పిల్ల ఈ ఏడాది మధ్యలో ఆగిపోయి గోడవంక చూస్తోంది. "ముందు మగవాళ్ళది తేలనీ. తేలగానే పిల్లలకి మొదలుపెడతాం" అని వదిన గుమ్మం గుమ్మానికీ చెప్పింది. ఇప్పుడు అవే గుమ్మాల్లో నిలబడి ఇంక కప్పులు రావని చెప్పాలి.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె ఏడవలేదు. మాడిన కూర ఎక్కడ మాడిందో వెతికినట్టు, మొదటిరోజు నుంచి చేసిన ప్రతి పనినీ గుర్తు చేసుకుంది. కప్పులు తారుమారయ్యాయా? లేదు, మూత చూడకుండా ఏ చేతిలోనూ పెట్టలేదు. ఎండకి చెడ్డాయా? మంచు పెట్టె మూత సందు కూడా రోజూ చూసుకుంది. రెండు వైపులా ఒకేలా తగ్గడమే ఆమెకి మింగుడుపడలేదు. కుళాయిలు పెట్టాక కొందరు బాగా కడుక్కునేవాళ్ళు, కొందరు నీళ్ళు చూపించి వచ్చేవాళ్ళు. ఆమె కళ్ళతో చూసింది. అంత తగ్గుదల సబ్బు వల్లే వచ్చిందంటే నమ్మబుద్ధి కాలేదు.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం భోజనాలవేళ. అత్తగారు కంచం పెట్టి, పెరుగు గిన్నె ముందుకి తోసింది.

"అమ్మాయ్, పెరుగు చూశావా? గిన్నె బోర్లించినా కదలదు. నిన్నటిదీ అంతే. నువ్వు తింటూ కూడా ఏమీ అనవు."

"పాలు మార్చారా అత్తయ్యా?"

"పాలూ మారలేదు, వాడు కలిపే నీళ్ళూ మారలేదు. తోడు మార్చాను. అప్పుడెప్పుడో ఎవరో ఊరెళ్ళారని నీలం మూత కప్పు తిరిగి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టావు చూడు, అందులోది."

వదినకి గుర్తొచ్చింది. మర్నాడు సంస్థలో తిరిగిచ్చెయ్యాల్సిన కప్పు. తెల్లారేసరికి తన భర్త ఖాళీ చేశాడని అప్పట్లో నాలుగు మాటలు కూడా అంది.

"అది ఆయన తినేశారు కదా?"

"వాడు తిన్నాడు. నేను చెంచాడు తీశాకే తిన్నాడు."

"ఎన్ని వారాలైంది అత్తయ్యా! ఇంకా అదేనా?"

"అదే నడుస్తోంది. ఇవాళ్టిదాంట్లోంచి రేపటికి, రేపటిదాంట్లోంచి ఎల్లుండికి. పైవాటా ఆవిడకీ ఇచ్చాను. ఆవిడ వాళ్ళ అమ్మాయికిచ్చింది. అంత బాగా తోడుకుంటే ఊరుకుంటారా ఎవరైనా?"

వదిన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"తియ్యకూడదా ఏం? కప్పు ఖాళీ అవుతోంటే చెంచాడు పక్కకి తియ్యకుండా ఏ ఇల్లాలు ఊరుకుంటుంది? నువ్వు మాత్రం తియ్యవూ?"

తీస్తుంది. పుట్టింట్లో తీసింది, ఇక్కడా తీస్తోంది. గిన్నె అడుగుకి వస్తోందంటే చెయ్యి తనంతట తనే చెంచా కోసం వెళుతుంది. తాళం వేసి లాగి చూసుకున్నట్టు, చేశామన్న జ్ఞాపకం కూడా మిగలని పని అది. ఎవరైనా "మొత్తం తిన్నారా?" అని అడిగితే తను కూడా తిన్నాననే చెబుతుంది. అందులో అబద్ధం లేదు.

ఆమె లేచి చెయ్యి కడుక్కుంది.

"అన్నం వదిలేసి ఎక్కడికి?"

"షెడ్డు వీధిలోకి. అత్తయ్యా, ఈ గిన్నెలోది కొంచెం తీసుకెళ్తున్నాను."

"తోడుకా? తీసుకెళ్ళు. ఎవరికి?"

"మా పెద్దసారుకి" అంది వదిన, చెప్పులు వేసుకుంటూ.

మంచు పెట్టె భుజాన వేసుకుని వెళ్ళేసరికి మేస్త్రి భార్య గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఎదురింటామె మెట్టు మీద జడ విప్పుకుని ఉంది. తప్పు పట్టుకోవడానికి వచ్చినట్టు కనిపిస్తే ఎవరూ నోరు విప్పరు. అందుకని వదిన పక్కనే చతికిలబడి తనూ రెండు రాళ్ళు ఏరింది.

"మీ ఇంట్లో పెరుగు బాగా తోడుకుంటుందా?"

"ఇప్పుడు ఫరవాలేదు. మొదట్లో మా పసుపు కప్పు తోడుతో నీళ్ళోడేది. తర్వాత ఈవిణ్ణడిగి తెచ్చుకున్నా. వాళ్ళది నీలం మూత కదా, రాయిలా వస్తుంది."

"నువ్వొక్కదానివేనా? వీధంతా నా గిన్నె మీదే బతుకుతోంది. మధ్యలో అందరికీ పంచి మాకే మిగలకపోతే, మళ్ళీ నీ దగ్గరే తెచ్చుకున్నా" అంది ఎదురింటామె.

"నా గిన్నె నీ గిన్నెకి పుట్టిందే కదా. పుట్టింటికి వచ్చిందనుకో."

ఇద్దరూ పకపకా నవ్వారు. వదిన నవ్వు ఆపుకుని, "మీ ఆయన కప్పు మొత్తం తింటున్నాడని రోజూ నాకు చెప్పారు కదా?" అంది.

మేస్త్రి భార్య నొచ్చుకుంది. "తింటాడమ్మా! మొత్తం తింటాడు. నేను చెంచాడు తీశాక ఒక్క చుక్క మిగల్చడు."

"మీ గిన్నెలో పెరుగు ఇంట్లో ఎవరెవరు తింటారు?"

"అందరం. ఆయన రాత్రి ఇంకా రెండు గరిటెలు వేసుకుంటాడు. ఏం వదినా, తప్పా?"

"మీ తప్పేం లేదు. నేనే సరిగ్గా అడగలేదు. ఇప్పుడు మీ గిన్నెలోంచి నాక్కూడా ఒక చెంచాడు ఇవ్వండి."

"దానికి అడగాలా?" అని ఇద్దరూ ఒకేసారి లేచారు. వీధి మొత్తం తిరిగేసరికి చిన్న చిన్న సీసాలతో పెట్టె నిండిపోయింది. ఒక్క ఇంట్లో కూడా ఎందుకని అడగలేదు. తోడు అడిగినవాళ్ళకి లేదనడం ఆ వీధిలో ఎవరికీ అలవాటు లేదు.

పెద్దసారు అంతా విన్నారు. మధ్యలో ఆపలేదు. విన్నాక బల్ల మీద వేళ్ళతో తాళం వేశారు.

"మీరు చెప్పేది బాగుంది. అదే నా భయం. అనుకున్నది జరగనప్పుడు దొరికే కారణాలన్నీ బాగానే ఉంటాయి. నీలం గిన్నె పసుపు ఇళ్ళకి నడిచింది, అందుకే తేడా లేదంటున్నారు. బాక్టీరియా అసలు పనిచెయ్యకపోయినా తేడా ఉండదు కదా. ఏది నిజమో ఎలా చెబుతారు?"

సీసాలతో తిరిగి వస్తూ బస్సులోనే ఆమె ఈ ప్రశ్న వేసుకుంది. అందుకే తడుముకోలేదు.

"టైర్ల కొట్టు మీద గదుల్లో ఒంటరిగా ఉండే కుర్రాళ్ళున్నారు సార్. షెడ్డులోనే పని. భోజనం మెస్సులో. వాళ్ళకి పొయ్యి లేదు, గిన్నె లేదు, పాలు కొనరు. కప్పు మూత తీసి నిలబడి తాగేస్తారు. వాళ్ళలో నీలం వాళ్ళున్నారు, పసుపు వాళ్ళున్నారు. నేను చెప్పింది నిజమైతే, అక్కడ నీలం వాళ్ళకి బాగా తగ్గుండాలి. పసుపు వాళ్ళకి సబ్బు పుణ్యమా అని కాస్తే తగ్గుండాలి. లెక్కలు మీ దగ్గరున్నాయి, నేను చూడలేదు. నేను చెప్పినట్టు లేకపోతే మూసెయ్యండి. ఇంకోమాట మాట్లాడను."

"ఆలోచించుకునే అంటున్నారా?"

"ఆలోచించుకునే వచ్చాను సార్."

ల్యాబు అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుంది. ఒక్కొక్క పేరూ వెతికి, పాత అంకె, కొత్త అంకె పైకి చదివింది. ముందు పసుపు వాళ్ళవి. కాస్త తగ్గింది, కాస్త తగ్గింది, ఒకడిది తగ్గనేలేదు. తర్వాత నీలం. మొదటి అంకె చదివి ఆ పిల్ల వెనక్కి తిరిగి చూసింది. రెండోది చదివేటప్పుడు గొంతు పెరిగింది. నీలంలో ఒకడిది మాత్రం కలవలేదు.

"వాడు కప్పు తాగడు. పిల్లికి పోస్తాడని పక్కవాడు చెప్పేవాడు. నేను అది అప్పుడే మీకు చెప్పాను" అంది వదిన.

"చెప్పారు. పిల్లి రక్తం తియ్యలేదు మనం" అంది ల్యాబు అమ్మాయి.

పెద్దసారు నవ్వలేదు కానీ కుర్చీ ముందుకి లాక్కున్నారు. "చాలా తక్కువమంది. వీళ్ళని చూపించి నేను ఎవరినీ ఒప్పించలేను. గిన్నెలు ఏమంటాయో చూద్దాం."

ఆ బాక్టీరియాకి ఒక గుర్తుంది. ఒక రకం మందు కలిపిన పళ్ళెంలో పెరుగులోని మిగతావన్నీ చచ్చిపోతే, ఇది మాత్రం తెల్లని చుక్కలుగా పెరుగుతుంది. సీసాల్లోది పళ్ళేల మీద పూసి, వెచ్చటి పెట్టెలో పెట్టారు. ఆ రెండు రోజులూ వదిన మామూలుగానే కప్పులు పంచింది. మేస్త్రి కూతురు గుమ్మంలో ఎదురై, "అత్తా, మాకెప్పుడు?" అంటే, "ఇంకొంచెం ఆగమ్మా" అంది. ఇంకొంచెం అని ఊరికే అనలేదు. లోపల ఆమెకి గట్టి నమ్మకం కుదిరిపోయింది. పెరుగు తీరు చేతులకి తెలుస్తుంది. అదే తోడు ఇల్లిల్లూ తిరుగుతోందని ఎదురింటి గిన్నె వంచి చూసినప్పుడే ఆమె చేతులకి తెలిసింది.

పళ్ళేలు బయటికి తీశారు. కొన్నిట్లో ఏమీ లేదు. చాలావాటిల్లో చుక్కలు, పసుపు మూత ఇళ్ళవాటిల్లో కూడా. ఒక పళ్ళెం మాత్రం గసగసాలు చల్లినట్టు ఒత్తుగా నిండిపోయింది. పెద్దసారు దాన్ని వెలుతురుకి ఎత్తిపట్టి, "ఇదెవరిల్లు? ఈ అంకె మన జాబితాలో లేదే" అన్నారు.

"మా అత్తగారిది సార్."

అప్పుడు నవ్వారాయన, పొట్ట పట్టుకుని మరీ. "ఇన్నేళ్ళుగా ఈ బాక్టీరియాని బతికించడానికి మేం పడని పాట్లు లేవు. ఆవిణ్ణి ఉద్యోగంలో పెట్టుకోవాల్సింది."

"ఆవిడ ఒప్పుకోదు సార్. పూటపని తనకి చాలదంటుంది."

శుక్రవారం కమిటీ నుంచి పెద్దసారు మెట్లు దిగి వస్తోంటే వదిన కింద నిలబడి ఉంది. ఆయన దిగుతూనే చెప్పారు. పాత పరీక్ష చెడిపోయినట్టే లెక్క. దాంతో ఏదీ రుజువు కాలేదు. కానీ మళ్ళీ చెయ్యడానికి ఒప్పుకున్నారు, ఈసారి పిల్లలతో సహా. అయితే ఒక షరతు. తోడు అటునుంచి ఇటు దాటకూడదు.

"ఇచ్చిపుచ్చుకోవద్దని ఆడవాళ్ళకి గట్టిగా చెప్పాలట. చెబుతారా?"

"చెబితే సరేనంటారు సార్. సరేనని ఇచ్చుకుంటారు. అది వాళ్ళ చేతుల్లో లేదు. మనుషుల్ని విడగొట్టొద్దు. తోడు ఎక్కడిదాకా వెళుతుందో అక్కడిదాకా ఒక వాటా అనుకుందాం. ఆ వాటా మొత్తానికీ ఒకే రకం ఇద్దాం, లోపల ఎంత పంచుకున్నా మనకి నష్టం లేదు. అవతలి వాటాకి రెండోది. ఇలాంటి షెడ్డు వీధులు ఊళ్ళో ఇంకా ఉన్నాయి కదా, అన్నిట్లోనూ అలాగే."

"తోడు ఎక్కడ ఆగుతుందో ఎలా తెలుస్తుంది?"

"మాటల్లేనిచోట తోడు కూడా ఉండదు సార్. ఎవరికెవరికి పడదో కనుక్కుంటాను."

ఆ సాయంత్రమే మేస్త్రి ఇంటి ముందు ఆడవాళ్ళంతా చేరారు. ముందు పాత తోడు పారబోసి కొత్తగా మొదలుపెట్టాలని చెప్పగానే గోల లేచింది. బంగారం పారబొయ్యమన్నా అంత గోల చెయ్యరు. అది సద్దుమణిగాక వదిన అసలు సంగతి అడిగింది.

"ఈ వీధిలో ఎవరింటి నుంచి ఎవరింటికి ఏదీ వెళ్ళదు?"

"అంటే ఎవరికి ఎవరితో పడదో చెప్పమంటావా?" మేస్త్రి భార్య కళ్ళు మెరిశాయి. "ఈ మాట ముందే అడగొచ్చుగా వదినా. ఉండు, నీకు పీట వేస్తా."

వీధి మధ్య పంపు ఉంది. పంపుకి పైన కుట్టుమిషనక్క, కింద సరుకుల కొట్టు చెల్లెలు. ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే. అక్క తన కుక్కరు ఇస్తే, చెల్లెలు దాన్ని రబ్బరు రింగు లేకుండా తిరిగిచ్చింది. రింగు పెట్టే ఇచ్చానని చెల్లెలు, లేదని అక్క. ఆనాటి నుంచి మాటల్లేవు. పైవాళ్ళందరికీ జాకెట్లు కుట్టేది అక్క, కిందివాళ్ళందరికీ అప్పు మీద సరుకులిచ్చేది చెల్లెలు. కాబట్టి ఎవరి వైపు వాళ్ళు నిలబడిపోయారు. పైనించి కిందికి చిల్లుగరిటె కూడా దిగదు.

వదిన ఆ సీసాలు మనసులోనే పేర్చుకుని చూసింది. చుక్కలు లేని పళ్ళేలన్నీ పంపుకి కిందివే. ఎదురింటి గిన్నె పంపుదాకా వచ్చి ఆగిపోయింది.

"మా వైపు ఉత్త పెరుగు పడితే?" అని కిందివాళ్ళలో ఒకామె అడిగింది.

"సగం కాలం అయ్యాక మారుస్తాం. అటుది ఇటు, ఇటుది అటు. పిల్లలందరికీ అందుతుంది. సబ్బులు, కుళాయిలు మొదటిరోజు నుంచీ అందరికీ. రాని పిల్ల అంటూ ఉండదు."

అందరూ తలూపారు. అంతలో ఎవరో మెల్లిగా, "వదినా, ఒక చిక్కుంది. చెల్లెలి కూతురికి పెళ్ళి కుదిరింది. అక్క మెత్తబడిందట. రేపో మాపో వెళ్ళి పలకరిస్తుందని చెప్పుకుంటున్నారు" అంది.

ఒక్కసారి అందరూ వదిన వంక చూశారు. వాళ్ళు మాట్లాడుకుంటే తోడు దాటుతుంది. తోడు దాటితే పిల్లల పని మళ్ళీ మొదటికి వస్తుంది. ఇంకొన్నాళ్ళు ముఖాలు చూసుకోవద్దని అక్కని అడగమన్నట్టున్నాయి ఆ చూపులు. ఆమె లేచి, తిన్నగా కుట్టుమిషనక్క గుమ్మంలోకే వెళ్ళింది. మిగతావాళ్ళు వెనకే నడిచారు.

"అక్కా, చెల్లెలితో మాట్లాడదామనుకుంటున్నారట. తప్పకుండా మాట్లాడండి. పెళ్ళికి వెళ్ళండి, పెళ్ళికూతురికి మీరే జాకెట్టు కుట్టండి. నేను అడిగేది ఒక్కటే. పిల్లల సంగతి తేలేదాకా తోడు మాత్రం ఇవ్వకండి. ఆమె అడిగినా సరే."

అక్క మిషను ఆపి, పంటితో దారం తెంపింది.

"పిల్ల పెళ్ళి కాబట్టి పలకరిస్తాను. దాని చేతి కాఫీ కూడా తాగుతాను. తోడు సంగతంటావా? కుక్కరు రింగు నా చేతిలో పెట్టేదాకా దాని గడపలోకి నా ఇంటి నుంచి చెంచా కూడా వెళ్ళదు. నువ్వు నిశ్చింతగా ఉండు వదినా."

వెనకున్నవాళ్ళలో ఒకామె ఫక్కుమంది. ఆ రింగు ఎప్పుడో అరిగిపోయి ఏ చెత్తబుట్టలోనో పడి ఉంటుందని అక్కడ అందరికీ తెలుసు. వదిన అక్క ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో వేళాకోళం లేదు. కమిటీ అడిగినా ఇంతకంటే గట్టి హామీ ఎవరూ ఇవ్వలేరు.

సోమవారం పొద్దున్న కొత్త కప్పులు వచ్చాయి, ఈసారి అన్నీ తెల్ల మూతలే. పంపుకి పైన ఒక పెట్టె, కింద ఒక పెట్టె. వదిన మొదటి కప్పు తీసి మేస్త్రి కూతురి చేతిలో పెట్టింది. ఆ పిల్ల మూత తీసేలోపే వెనకనుంచి తల్లి చెంచా పట్టుకుని వచ్చింది.

"చెంచాడు తీసుకుంటున్నా వదినా, ముందే చెబుతున్నా."

"తీసుకోండి. రెండు తీసుకోండి" అంది వదిన.